మూట పట్టేంత సందు

ఆ సోమవారం పొద్దున నా చిన్న పుస్తకంలో రాసుకున్న పనులు ఇవి.

పదకొండింటికి మేడమ్ గదిలో విచారణ. కొలతల పుస్తకం, ఇరవై మూడో పలక రెండూ పట్టుకెళ్లాలి.
పెదనాన్న కళ్లద్దాల కాడ విరిగింది. అతికించాలి.
ఉత్తర శివారు కాలనీల కూడళ్ల లెక్క పూర్తి చేయాలి. ఇంకా అరవై నాలుగు ఉన్నాయి.
మేస్త్రీ ఇంటికి వెళ్లాలి. (రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను.)
పదకొండు కాకముందే పెదనాన్నకు నిజం చెప్పాలి.

అన్నిటికన్నా ముందు చేయవలసింది చివరిది. అందుకే అడుగున రాసుకున్నాను.

ఆ నిజం ఏమిటో పోయిన వారం చదివినవారికి తెలుసు. చదవనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. నేను నగర ప్రణాళిక కార్యాలయంలో నక్షాలు గీస్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆఫీసులో నా పేరే డిగ్రీ అయిపోయింది. మా పెదనాన్న అదే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లుగా చైన్‌మన్. వీధులు కొలవడం ఆయన పని. ఇనుప గొలుసు పోయి టేపు వచ్చి చాలా కాలమైనా ఆయన్ని ఇప్పటికీ గొలుసాయన అనే అంటారు. ఆయన నడిచి చూసి పెన్సిలుతో పుస్తకంలో రాస్తాడు. నేను కుర్చీలో కూర్చుని దాన్ని గీతలుగా మారుస్తాను.

ఊరి ఉత్తర శివారులో చుట్టూ గోడ కట్టుకున్న కొత్త కాలనీ ఒకటుంది. ఆ గోడ వెనక ఒక పేట ఉంది. అక్కడ పెదనాన్న రాసిన మాటలు ఇవి: "ఇక్కడ సందు ఉంది. మనుషులు వస్తూ పోతూ ఉంటారు." ఆయన రాసింది గోడలో ఉన్న ఖాళీ గురించి. నేను చదువుకున్నది వీధి. నక్షాలో ఆ భాగం ఉన్న కాగితం, ఇరవై మూడో పలక మీద, రెండు నిండు గీతలు గీసి కాలనీ రోడ్డునూ పేట రోడ్డునూ కలిపేశాను.

పన్నెండు రోజుల కిందట ఆ పేటలో ఒక మేస్త్రీ భార్యకు, బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడకు, గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ మా నక్షా చూసుకుని దగ్గర దారిన కాలనీలోంచి వచ్చింది. వచ్చి గోడ ముందు ఆగింది. ఆమె ఇల్లు అక్కడికి నలభై అడుగులు. స్ట్రెచర్ ఆ సందులో పట్టదు. డ్రైవరు బండి వెనక్కి తిప్పి మూడున్నర కిలోమీటర్లు చుట్టి పేటలోకి వచ్చేసరికి, పేటవాళ్లు ఆమెను దుప్పట్లో వేసి సందులోంచి ఎలాగో కాలనీ వైపు దాటించారు. బండి పేట పక్కకు వచ్చింది. ఆమె కాలనీ పక్కన ఉంది. మళ్లీ తిరిగి వెళ్లేసరికి ఆమె లేదు.

ఒక్క మాటకు రెండు అర్థాలు. ఆ సంగతి తెలిసినదాన్ని అప్పటికి నేనొక్కదాన్నే అనుకుంటున్నాను.

పదిన్నరకు వరండాలో పెదనాన్న కళ్లద్దాల కాడకు టేపు చుడుతూ, ఆ సందు సంగతి ఒకటి చెప్పాలి అని మొదలుపెట్టాను. ముందు ఇది సరిగ్గా చుట్టు, ఒక కన్ను ఒక వీధిలోకీ ఇంకో కన్ను ఇంకో వీధిలోకీ పోతోంది అన్నాడాయన. విచారణంటే ఆయనకు భయమేమీ లేదు. తను చూసిందే రాశాడు, రాసిందే చెబుతాడు. మూడు నెలల్లో పదవీ విరమణ. ఆ తరువాత ఎక్కడికీ నడవనని, ఎవరైనా పిలిస్తే నేలను ఓ తన్ను తన్ని, ఇక నువ్వే నా దగ్గరికి రా అంటానని అందరితో చెప్పుకుంటున్నాడు. ఆ నవ్వు మొహం చూస్తూ చెప్పలేకపోయాను. ఇంతలో బంట్రోతు వచ్చి పిలిచాడు.

మా పై అధికారి మేడమ్. ఆమె గదిలో గోడంతా నక్షాయే. నా మూడేళ్ల పని అది. నాలుగు దారులు కలిసేచోట నల్ల చుక్క, మూడు కలిసేచోట సున్నా, దారి మూసుకుపోయినచోట ఇంటూ గుర్తు. నడుమన ఉన్న పాత ఊరు గళ్ల లుంగీలా ఉంటుంది. ఒక వీధి మూస్తే పక్క వీధిలోంచి పోవచ్చు. అక్కడ వంద కూడళ్లకు ఇంటూలు ఏడో ఎనిమిదో. శివార్లకు పోయేకొద్దీ ఊరు దువ్వెనలా మారుతుంది. ఒక్క పెద్ద రోడ్డు, దానికి పళ్లలా వేలాడే కాలనీలు. పన్ను నుంచి పన్నుకు దారి ఉండదు. ఒక్కో కాలనీకి ఒక్కటే నోరు, ఆ నోటికి ఒక గేటు. వందకు నలభై ఇంటూలు. ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ తన వీధిలోంచి ఇంకొకడు పోకూడదనుకుంటే ఊరు ఇలాగే పెరుగుతుంది. ఇరవై మూడో పలకలో మాత్రం నేను కలిపిన ఒక్క గీతతో రెండు ఇంటూలు పోయాయి. అప్పట్లో మేడమ్ దాన్ని వేలితో చూపించి, శివారు కూడా బాగుపడుతోంది అని పై ఆఫీసుకు రాసింది. ఎవరూ వెళ్లి చూడలేదు.

మేడమ్ ఎప్పుడూ గొంతు పెంచదు. నన్ను కూర్చోమంది. పెదనాన్నను నిలబడే ఉండమని అనలేదు, కూర్చోమనీ అనలేదు. పక్కన గుమాస్తా కాగితాల మీద కలం పెట్టి సిద్ధంగా ఉన్నాడు.

"చదువు పెద్దాయనా. నీ చేతిరాతే కదా" అంది మేడమ్.

పెదనాన్న పుస్తకం కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "ఇక్కడ... సందు... ఉంది. మనుషులు వస్తూ పోతూ ఉంటారు."

"సందు అంటే?"

"సందంటే సందేనండి."

గుమాస్తా కిసుక్కుమన్నాడు. మేడమ్ అతని వైపు తిరిగి, నవ్వకండి, ఐదో తరగతి చదువు, అంది. ఆ నవ్వే నయం అనిపించింది నాకు.

తరువాత ఆమె ఒక తెల్ల కాగితం ముందుకు జరిపి కొన్ని మాటలు రాయమంది. వీధి. దారి. ఖాళీ. పెదనాన్న బల్ల మీదికి వంగాడు. టేపు చుట్టిన కాడ ఊడి కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. ఒక చేత్తో వాటిని పట్టుకుని ఇంకో చేత్తో రాశాడు. ఖాళీలో దీర్ఘం మరిచాడు. మేడమ్ ఎర్ర కలంతో దాని చుట్టూ సున్నా చుట్టి, కాగితం గుమాస్తాకు ఇచ్చి, ఫైల్లో పెట్టమంది. ఈ ఊళ్లో ఏ మలుపు దగ్గర ఏ కుక్క ఉంటుందో కూడా తెలిసిన మనిషి, ఎర్ర సున్నాలో ఉన్న తన అక్షరాన్ని అలా చూస్తూ నిలబడ్డాడు.

"ఖాళీకీ వీధికీ తేడా తెలీదా నీకు?" అని అడిగింది మేడమ్.

"తెలుసండి. అది వీధి కాదండి. గోడకున్న సందు. మనిషి పక్కకి తిరిగితే పడతాడు, అంతే. నేను దాంట్లోంచే అవతలికి పోయి కొలిచాను."

"మరి నక్షాలోకి వీధి ఎలా వచ్చింది?"

పెదనాన్న మేడమ్‌ను చూశాడు, గోడ మీద ఇరవై మూడో పలకను చూశాడు, ఆ పలక కింది మూలన నా సంతకాన్ని చూశాడు. చివరికి నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. నిజం చెప్పాలని పొద్దున రాసుకున్న పని ఆ రకంగా పూర్తయింది.

ఆయన పుస్తకం మూసేశాడు.

"తప్పు చెప్పానండి" అన్నాడు. "నేనసలు అక్కడికి పోలేదు. ఎండగా ఉందని రోడ్డు మీద నుంచే చూసి రాసేశాను. వీధే అనుకున్నాను."

మేడమ్ మొహంలో ఆశ్చర్యం కనబడలేదు. "పోలేదు, అని రాయండి" అని గుమాస్తాకు చెప్పింది. ఆ తరువాత నా వైపు తిరిగి, నువ్వేమైనా చెప్పాలా డిగ్రీ, అని అడిగింది.

ఎన్నో చెప్పాలి. నేను ఫీల్డుకు వెళ్లి సరిచూసుకోలేదని చెప్పాలి. ఈ మనిషి నన్ను భుజాన ఎక్కించుకుని బడికి దింపేవాడని, దారిలో వీధుల పేర్లు చదివించేవాడని చెప్పాలి. తను చదవలేని బోర్డుల దగ్గర ఆగి, ఇదేంటో చదువు తల్లీ అని అడిగేవాడని చెప్పాలి.

"లేదండి" అన్నాను.

గుమాస్తా అదీ రాసుకున్నాడు.

పెదనాన్నను బయటికి పంపాక మేడమ్ నన్ను ఉండమంది. నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. సందు అన్న మాటను నేను తప్పు చదివానని తనకు వారం నుంచీ తెలుసంది. అందుకే ఇద్దర్నీ కలిపి పిలిచిందట. విడివిడిగా పిలిస్తే ముసలాయన నిజమే చెప్పేవాడట, నా ఎదుట అయితే చెప్పడట. లెక్క తప్పలేదు చూశావా అన్నట్టు చిన్నగా నవ్వింది.

"వీధిలో జరిగిన తప్పు వీధిలోనే ఆగుతుంది. బల్ల మీద జరిగిన తప్పు మెట్లెక్కుతుంది. నీ సంతకం పైన నా సంతకం ఉందమ్మా" అంది.

తరువాత రెండు ఉత్తర్వులు చేతికిచ్చింది. రేపటి నుంచి చైన్‌మన్ సస్పెన్షన్. ఇక సందు సంగతి. కాలనీ సంఘం వాళ్లు, గోడ దగ్గర జనం పోగవుతున్నారని, సందు మూసుకుంటామని అర్జీ పెట్టారు. ఇన్నాళ్లూ తమ ఇళ్లకు పనికి వచ్చేవాళ్లు దాంట్లోంచే వస్తారు కాబట్టి ఊరుకున్నవాళ్లే. మేడమ్ అనుమతి ఇచ్చేసింది. నక్షాలోంచి గీత తీసేస్తే, నేల మీద సందు ఉండకూడదు. రెండూ సరిపోవాలి. ఈ మధ్యాహ్నమే మూస్తున్నారు. కొలిచి, సందు లేదని ధ్రువీకరించి రావాలి. ఎవరెవరు వెళ్లాలో ఉత్తర్వులోనే ఉంది. నేను, పెదనాన్న.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను క్షమించమని అడగాలనుకున్నాను. ఆయన అడగనివ్వలేదు. తిన్నావా అన్నాడు. తినలేదన్నాను. కాసేపయ్యాక తన మోకాళ్లు రెండూ తడుముకుని, "ముప్పై ఒక్క ఏళ్లు నడిచినవాడు నడవలేదని సంతకం పెట్టాడు. వీటికి చెప్పకు, అలుగుతాయి" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వలేదు.

గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరు తీసి ఎవరింటికి అని అడిగాడు. గోడకి అన్నాడు పెదనాన్న. ఇంటి నంబరు లేకపోతే రాయడం కుదరదని అతను, గోడకి నంబరు ఉండదని ఈయన, ఐదు నిమిషాలు వాదించుకున్నారు. చివరికి నంబరు గడిలో 'గోడ' అని రాసి లోపలికి వదిలాడు.

గోడ దగ్గర ఇటుకలు పేర్చి ఉన్నాయి. తట్టలో సిమెంటు కలిపి ఉంది. మేస్త్రీ తాపీతో దాన్ని తిప్పుతున్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉంది. చేతుల మీది మడతలు ఇంకా చెరగలేదు. పనిలోకి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చే మేస్త్రీని నేను అంతకు ముందు చూడలేదు. ఆయన ఎవరో నాకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. సందులోంచి చూస్తే నలభై అడుగుల అవతల, పరదా కింద, ఇస్త్రీ బల్ల ఒకటి ఖాళీగా కనబడుతోంది.

కాలనీ వాళ్లు ఊళ్లో ఇంతమంది మేస్త్రీలుండగా ఈయన్నే ఎందుకు పిలిచారో తరువాత తెలిసింది. ఎనిమిదేళ్ల కిందట ఆ గోడ కట్టింది ఈయనే. అదే ఇటుక, అదే వరస కుదరాలని పిలిచారు. ఆమె ఈయన భార్య అని వాళ్లకు తెలియదు. అడగాలన్న ఆలోచనే వాళ్లకు రాలేదు.

సందు వెడల్పూ గోడ మందమూ కొలవాలి. టేపుకు రెండు కొసలు కావాలి. అవతలి కొస ఎప్పుడూ పెదనాన్నదే. ఆయన పక్కకు తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, సందులోంచి పేట వైపు వెళ్లాడు. వెడల్పు ఒక అడుగు ఏడు అంగుళాలు. రాసుకున్నాను. మేస్త్రీ మొదటి ఇటుక పెట్టాడు. గుండుదారం వేలాడదీసి చూసి, సరిచేసి, రెండోది పెట్టాడు. టేపు ఇంకా ఇద్దరి చేతుల్లోనే ఉంది. దాని కింద గోడ లేస్తోంది. మోకాళ్లు పోయాయి. నడుము పోయింది. పెదనాన్న ఛాతీ నుంచి పైకి మాత్రమే కనబడుతున్నాడు.

మీరు ఈ పని ఎలా ఒప్పుకున్నారని అడిగేశాను. అడగకుండా ఉండాల్సింది.

"ఎవరో ఒకరు కడతారు కదమ్మా. ఇంకొకడైతే వంకర కడతాడు" అన్నాడు మేస్త్రీ. చేతులు ఆగలేదు. "ఈ సందు నాదే. గోడ కట్టేటప్పుడు వదిలాను. సారువాళ్లు అడిగితే పరంజి కర్ర కోసం, తరువాత పూడుస్తానన్నాను. మా ఆవిణ్ని పిలిచి మూట నడుమున పెట్టుకుని పక్కకి తిరిగి నిలబడమన్నా. అంత వదిలాను. ఇంకో జానెడు వదలనా అంటే, వద్దు, గేటువాళ్లకి కనబడుతుంది అంది."

ఇంకో జానెడు. నేను మనసులో కొలిచాను. స్ట్రెచర్ పట్టేది.

ఇది పూర్తయ్యాక మీరు ఇంటికెలా వెళ్తారని అడిగాను. ఆయన ఉన్నది కాలనీ వైపు. ఇల్లు అవతల. మేస్త్రీ ఒక్క క్షణం ఆలోచించాడు. అంత వరకూ ఆయనకు ఆ సంగతి తట్టినట్టు లేదు.

"నడిచి" అన్నాడు.

గోడ తల ఎత్తుకు వచ్చింది. ఒక్క ఇటుక పట్టేంత కన్నం మిగిలింది. టేపు వదిలేయమ్మా అని అవతల నుంచి పెదనాన్న కేకేశాడు. వదిలాను. అది కన్నంలోంచి జారి అటు పోయింది. మేస్త్రీ చివరి ఇటుక చేతిలోకి తీసుకుని, దాని మీద సిమెంటు రాసి, పెట్టకుండా ఆగిపోయాడు.

"ఒక్కటి అడుగుతాను. మీరు నక్షాల ఆఫీసు వాళ్లే కదా" అన్నాడు. "పన్నెండు రోజుల నుంచీ అదే తిరుగుతోంది బుర్రలో. ఇక్కడ నేను సందు వదలకపోతే ఆ బండి ఇటు వచ్చేదే కాదు. మొదటే చుట్టు తిరిగి పేటలోకి వచ్చేది. అప్పటికి ఆవిడ మాట్లాడుతూనే ఉంది. అంటే నేనే చంపుకున్నానా?"

ఈయన తన నేరమనుకుంటున్నాడు.

గోడ అవతల నుంచి పెదనాన్న గొంతు వచ్చింది. "నీ తప్పేం లేదు మేస్త్రీ. నాది. నేను ఇక్కడికి రాకుండా, దూరం నుంచి చూసి వీధని రాసేశాను."

మేస్త్రీ కన్నం వైపు చూశాడు.

"అదేంటండి" అన్నాడు. "మీరు వచ్చారు కదా. ఇందులోంచే దూరి వచ్చారు. మా ఆవిడ మీకు మంచినీళ్లిచ్చింది. గొలుసాయన వచ్చాడు, సందుని అంగుళాలతో సహా కొలుచుకుని పోయాడు, మనదాన్ని కాగితంలో ఎక్కిస్తున్నారు అని సాయంత్రం నాతో చెప్పి మురిసిపోయింది."

అవతల టేపు చుట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

పెదనాన్న అక్కడికి వెళ్లాడని చెప్పగలిగిన మనిషి ఒకరున్నారు. ఆయన సంతకం పెట్టిన కాగితం అబద్ధమని చెప్పగలిగిన మనిషి. ఆ మనిషి ఇప్పుడు నా వైపు తిరిగాడు. అరచేతిలో ఇటుక, దాని మీద ఆరిపోతున్న సిమెంటు.

"ఆయన చూశాడు. సరిగ్గానే రాసుంటాడు. మరి దీన్ని వీధని గీసిందెవరమ్మా? మీరు చదువుకున్నవారు. మీరు చెప్పండి. మీరు చెప్పాకే ఈ ఇటుక పెడతాను."

నేను నోరు తెరిచాను.

ఆ నోట్లోంచి ఏ మాట వచ్చిందో దాని కోసం నన్ను మెచ్చుకోవద్దు, తిట్టనూ వద్దు. నన్ను అసలు గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. మీరు ఉండే ఊళ్లోనూ గోడలు లేస్తుంటాయి. ఏ గోడ దగ్గరైనా మనిషి పట్టేంత సందు కనబడితే, ఇస్త్రీ ఆవిణ్ని ఒక్కసారి తలుచుకోండి. నడుమున మూటతో పక్కకు తిరిగి, ఎనిమిదేళ్లు రోజుకు నాలుగుసార్లు అలాంటి సందు దాటిన మనిషి ఆమె. తన దారి కాగితంలోకి ఎక్కుతోందని ఒక సాయంత్రం మురిసిపోయింది. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.